పశువుల కొట్టానికీ రిపేరు షెడ్డుకీ లైట్లు: ఎన్ని, ఏవి, ఎక్కడ

కొట్టానికి లైటు కావాలనగానే బజారుకెళ్ళి ఒక 100 వాట్ల ఫ్లడ్‌లైటు తెచ్చి గుమ్మం మీద దూలానికి బిగించేస్తారు. వాకిలంతా తెల్లగా వెలిగిపోతుంది. దారిన పోయేవాళ్ళ కళ్ళు జిగేలుమంటాయి. పాలు పితకడానికి కూర్చున్న మనిషికి మాత్రం పొదుగు కనిపించదు. వెలుగంతా గేదె నడుము మీదే ఆగిపోయి, నీడ పోయి చెంబులో పడుతుంది. లోపం వాట్లలో లేదు, లైటు కట్టిన చోటులో ఉంది. అందుకే దుకాణానికి వెళ్ళేముందు కాగితం, టేపు పట్టుకుని కొట్టంలోకి వెళ్ళాలి.

ఇక్కడి లెక్కలన్నిటికీ ఒకే కొలతల కొట్టం తీసుకుందాం. 40 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు, రేకుల కప్పు, పక్కలు తెరిపి, పది పాడి పశువులు రెండు వరుసల్లో తోకలు నడవ వైపు పెట్టి నిలబడేలా కట్టింది. దాని పక్కనే ట్రాక్టరు, నాగళ్ళు, వెల్డింగ్ మిషను పెట్టుకునే 20 అడుగులకు 15 అడుగుల షెడ్డు. మీది చిన్నదైనా పెద్దదైనా లెక్క వేసే పద్ధతి ఇదే.

ఎక్కడ ఏ పని, ఏ వేళ

కాగితం మీద పని జాగాలన్నీ రాయండి: పితికే చోటు, గాడి, నడవ, దూడల గది, దాణా గది, గడ్డి కోసే యంత్రం, గడ్డివాము వైపు దారి, మోటారు స్టార్టరు బోర్డు. ప్రతిదాని పక్కనా ఏ వేళకు అక్కడ మనిషి ఉంటాడో రాయండి. తెల్లవారుజామున నాలుగు గంటలకు పితికే చోటికి కావాల్సిన వెలుగు వేరు, రాత్రి పదింటికి గాడి దగ్గర కావాల్సింది వేరు. అన్నీ ఒకే స్విచ్చు మీద ఉంటే, దూడ అరిచిందని చూడటానికి వెళ్ళినా మొత్తం కొట్టం వెలగాల్సిందే.

వెలుగును లక్సుల్లో కొలుస్తారు. నిండు పున్నమి వెన్నెల అర లక్సు కూడా ఉండదు. మిట్టమధ్యాహ్నపు ఎండ లక్ష లక్సుల దాకా ఉంటుంది. కొట్టంలో మామూలుగా తిరగడానికి 50 లక్సులు చాలు. పితకడానికి, సూది వేయడానికి, ఈత చూడటానికి 150 నుంచి 200 కావాలి. పాల మిషన్లు పెట్టుకున్న పెద్ద డెయిరీల్లో పితికే గుంట దగ్గర 500 దాకా పెడతారు. చేత్తో పితికే కొట్టానికి అంత అక్కర్లేదు. దాణా గదికి 100, గడ్డి కోసే యంత్రం నోటి దగ్గర 200, పడుకునే రాత్రివేళ మొత్తానికి 10 లోపే. రిపేరు షెడ్డుకు మొత్తంగా 150 నుంచి 200, పని బల్ల మీద 500, డ్రిల్లు బిట్టు సైజు చదవడం లాంటి సన్నపనికి ఇంకా ఎక్కువ.

ఫోన్లో లక్సు చూపించే యాప్‌ల అంకెలను పూర్తిగా నమ్మొద్దు. ఫోనుకూ ఫోనుకూ తేడా వస్తుంది. కానీ అదే ఫోనుతో ఇక్కడ ఎంత, అక్కడ ఎంత అని పోల్చి చూసుకోవడానికి బాగా పనికొస్తాయి. చీకటి మూలలు అలాగే దొరుకుతాయి.

ఎన్ని లైట్లు

డబ్బా మీద వాట్లు కాదు, ల్యూమెన్లు చూడండి. వాటు అంటే తినే కరెంటు, ల్యూమెన్ అంటే ఇచ్చే వెలుగు. ఇప్పుడొచ్చే ఎల్‌ఈడీ వాటుకు 100 ల్యూమెన్లు ఇవ్వాలి. 20 వాట్ల నాలుగడుగుల ట్యూబు సుమారు 2000 ఇస్తుంది. వాటుకు 80 కూడా రాని సరుకు, ల్యూమెన్లు అసలు రాయని సరుకు వదిలేయండి. ఎల్‌ఈడీ బల్బులకు బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఐఎస్ 16102 అన్న అంకె, ఆర్‌తో మొదలయ్యే నంబరు డబ్బా మీదా బల్బు మీదా ఉన్నాయో లేదో చూడండి.

లైటు ఇచ్చిన వెలుగంతా నేలకు చేరదు. తెరిపి పక్కల నుంచి కొంత బయటికి పోతుంది, నల్లబడిన రేకు కొంత మింగేస్తుంది, దుమ్ము పట్టాక ఇంకొంత తగ్గుతుంది. మన కొట్టాల్లో మూడో వంతుకు కాస్త ఎక్కువే, అంటే సుమారు 35 శాతమే పనికొస్తుందనుకుంటే లెక్క తప్పదు. దీన్ని చదరపు అడుగుల్లోకి మార్చితే, 100 లక్సులకు చదరపు అడుగుకు సుమారు 27 ల్యూమెన్లు కావాలి, 50 లక్సులకు అందులో సగం.

మన కొట్టం 800 చదరపు అడుగులు. 800ను 27తో గుణిస్తే 21,600. అంటే 20 వాట్ల ట్యూబులు పది లేదా పదకొండు. పది పెడితే సగటున 90 లక్సుల పైన వస్తుంది, ట్యూబు కింద నేరుగా 150 దాటుతుంది. మొత్తం 200 వాట్లు. ఇదే వెలుగు ఒకటి రెండు పెద్ద ఫ్లడ్‌లైట్లతో తెద్దామంటే లెక్క కుదురుతుంది కానీ పని కుదరదు. ఒకే చోటి నుంచి వచ్చే వెలుగుకు ముదురు నీడ, పలు చోట్ల నుంచి వచ్చే వెలుగుకు పలచని నీడ. పశువు ఎటు తిరిగి నిలబడినా రెండో ట్యూబు వెలుగు ఎక్కడో ఒకచోట పడాలి.

గోడలకు, రేకు అడుగుకు తెల్ల సున్నం కొడితే రెండు ట్యూబుల ఖర్చు మిగులుతుంది. ఏడాదికోసారి ఎలాగూ కొట్టాల్సిందే కదా, అదేదో లైట్లు బిగించడానికి ముందే కొట్టండి.

ఎక్కడ కట్టాలి

నడవ మధ్యలో నిలువునా ఒకే వరుస ట్యూబులు కట్టడం అందరూ చేసేదే. చూడ్డానికి బాగుంటుంది, వైరు తక్కువ పడుతుంది. కానీ మనిషి పశువు పక్కన, నడవకు వీపు పెట్టి కూర్చుంటాడు. వెలుగు వీపు మీద పడి, నీడ పొదుగు మీద పడుతుంది. దానికి బదులు రెండు వరుసలు తీసుకోండి. ప్రతి వరుసా పశువుల నడుముకు కాస్త వెనకగా, రెండు పశువుల మధ్య ఉన్న సందుకు సరిగ్గా పైన రావాలి. వైపుకు ఐదు, మొత్తం పది. అప్పుడు వెలుగు సందులోకి దిగి పొదుగు పక్కకు తగులుతుంది, అవతలి వరుస ట్యూబు మిగతా నీడను కోసేస్తుంది.

ఎత్తు ఎనిమిది అడుగులకు తగ్గకూడదు. గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని నడిచే మనిషికి అడ్డం రాకూడదు, కొమ్ములకు అందకూడదు. పది అడుగుల పైకి పోతే తుడవడానికి ఎవరూ నిచ్చెన వేయరు, ఏడాదిలో బూజు కింద దాక్కుంటుంది. లైటుకూ లైటుకూ మధ్య దూరం, లైటు నుంచి పని జరిగే ఎత్తు వరకు ఉన్న దూరానికి ఒకటిన్నర రెట్లు దాటకూడదు. పొదుగు నేల నుంచి రెండడుగుల ఎత్తు, లైటు ఎనిమిదిన్నర అడుగులనుకుంటే మధ్య ఆరున్నర, అంటే తొమ్మిది పది అడుగులకు మించి వదలొద్దు. మన 40 అడుగుల్లో ఐదు ట్యూబులకు ఎనిమిది అడుగుల దూరమే వస్తుంది కాబట్టి ఇబ్బంది లేదు.

రేకుకు ఆనించి బిగించకండి. వేసవి మధ్యాహ్నం రేకు చెయ్యి పెట్టలేనంత కాలుతుంది, సాయంత్రం పాలకు లైటు వేసే వేళకు కూడా ఆ వేడి పూర్తిగా దిగదు. ఎల్‌ఈడీలో ముందు చచ్చేది దీపం కాదు, లోపలి డ్రైవరులోని (కరెంటును దీపానికి తగ్గట్టు మార్చి ఇచ్చే భాగం) కెపాసిటరు. పది డిగ్రీల వేడి పెరిగితే దాని ఆయుష్షు సుమారు సగం అవుతుంది. దూలం నుంచి ఒక అడుగు కిందకి గొలుసుతోగానీ, అడ్డంగా వేసిన ఇనుప యాంగిల్‌తోగానీ వేలాడదీయండి.

లైట్లను మూడు స్విచ్చులకు పంచండి. మొదటి స్విచ్చుకు మూడు ట్యూబులు, కొట్టంలో తడబడకుండా నడవడానికి సరిపోయేలా. రెండోదానికి మిగతా ఏడు. పితికే వేళ రెండూ వేస్తారు. మూడోది రాత్రి దీపం, అది ఆ పదికి వేరుగా, గాడి మీద 3 లేదా 5 వాట్ల పసుపు బల్బులు రెండు. వేసవిలో పశువులు పగటి వేడికి మేయలేక రాత్రి చల్లబడ్డాక మేస్తాయి. గాడి కాస్త కనిపిస్తే చాలు. ట్యూబులు తెల్లవార్లూ వెలిగిస్తే వాటి నిద్రా పాడు, పురుగుల గోలా ఎక్కువ.

గుమ్మానికీ వాముకూ మధ్య దారికి వేరే ఒక లైటు తప్పకుండా ఉండాలి, అదీ మోకాలి ఎత్తులో నేల మీద పడేలా. వాము ఉన్నచోట ఎలుకలు, ఎలుకలున్నచోట పాములు. కట్లపాము తిరిగేది రాత్రే. పదడుగుల ఎత్తు నుంచి పడే వెలుగులో గడ్డిపోచల మధ్య అది కనిపించదు. అడ్డంగా పడే వెలుగులో దాని నీడ కనిపిస్తుంది.

తెలుపా పసుపా

పితికే చోటికీ పని బల్లకూ 4000 నుంచి 5000 కెల్విన్ (వెలుగు రంగును చెప్పే కొలత) మధ్య తెలుపు, రాత్రి దీపానికీ దారి దీపానికీ 3000 లేదా అంతకన్నా తక్కువ పసుపు. దుకాణంలో అడగకపోతే చేతికిచ్చేది 6500 నీలి తెలుపు. దానికి పురుగులు ఎక్కువగా వస్తాయి. తొలకరి వాన పడ్డ సాయంత్రం ఉసిళ్ళు లేచినప్పుడు చూడండి, నీలి తెలుపు ట్యూబు కింద పాల బకెట్టు పెట్టలేం, పక్కనే ఉన్న పసుపు బల్బు చుట్టూ పదో ఇరవయ్యో ఉంటాయి. గొర్రెల దొడ్డి ఉన్నవాళ్ళకు ఇది ఇంకా ముఖ్యం. నీలి నాలుక జబ్బు మోసే సన్న దోమలు రాత్రిపూట తిరుగుతాయి, వెలుగుకు వస్తాయి. వానాకాలంలో దొడ్డి లోపల దీపం ఆర్పేసి, అవసరమైతే బయట దూరంగా ఒకటి ఉంచుకోవడం మంచిది.

రంగుల్లో ఇంకొకటి ఉంది, దాన్ని ఎవరూ అడగరు. సీఆర్ఐ అని డబ్బా మీద రాస్తారు. రంగును రంగుగా చూపించే గుణం అది. 80కి తగ్గకూడదు. వీధి దీపాల కోసం చేసిన ఫ్లడ్‌లైట్లు చాలా వరకు 70 దగ్గర ఉంటాయి. వాటి కింద ఎరుపు మట్టిరంగులా కనిపిస్తుంది. తొలి రెండు మూడు ధారలు నల్ల అడుగున్న కప్పులో పిండి చూస్తే పొదుగువాపు మొదలైన సంగతి తెలుస్తుంది. పెరుగు తరకల్లాంటి తెల్లని పలుకులు నలుపు మీద తేలతాయి, ఒక్కోసారి లేత గులాబీ చార కలుస్తుంది. నాసిరకం లైటు కింద ఆ గులాబీ చార పాలల్లోనే కలిసిపోయి కనిపించదు. ఎదకొచ్చిన పశువు తీగ (జిగురు స్రావం) రంగు చూడాలన్నా, బోర్డులో ఎర్ర వైరు ఏది, గోధుమ వైరు ఏది అని తేల్చుకోవాలన్నా ఇదే సంగతి.

(పొగాకు పండించే ప్రకాశం, నెల్లూరు వైపు బ్యారన్, అంటే ఆకు కాల్చే ఇల్లు, ఉన్నవాళ్ళకు ఒక మాట. ఈన ఎండేటప్పుడు లోపల 70 డిగ్రీల దాకా వెళ్తుంది, అందులో ఏ ఎల్‌ఈడీనీ బిగించకూడదు. బయట నిలబడి కిటికీలోంచి టార్చి వేసి చూసుకోవడమే. ఆకు గ్రేడు చేసే గదికి మాత్రం సీఆర్ఐ 90 ఉన్న లైటు పెట్టుకుంటే డబ్బు దండగ కాదు.)

కొట్టం లైటును ఎలా తినేస్తుంది

ఇంట్లో ఐదేళ్ళు వెలిగిన బల్బు కొట్టంలో ఐదు నెలలకే పోతే కంపెనీని తిడతాం. ఆ బల్బు ఇంటి కోసం చేసింది. 2015లో ఉజాలా పథకం వచ్చాక ఇంటింటికీ చేరిన 9 వాట్ల బల్బు వెలుగులో వంక లేదు, కానీ దాని మెడ దగ్గర, హోల్డరు దగ్గర తడినీ దుమ్మునూ ఆపేది ఏదీ లేదు.

కడిగే కొట్టానికి ఐపీ 65 కావాలి, దుమ్మునూ నీళ్ళనూ ఎంత ఆపుతుందో చెప్పే అంకె అది. మొదటి అంకె 6 అంటే దుమ్ము పోదు, రెండో అంకె 5 అంటే పైపుతో కొట్టిన నీళ్ళు పోవు. ప్రెషర్ పంపుతో కడిగేవాళ్ళు 66 తీసుకోండి. డబ్బా మీద అంకె లేకుండా "వాటర్‌ప్రూఫ్" అని మాత్రమే రాసి ఉంటే అది మాటే. మామూలు పట్టీ ట్యూబు ఐపీ 20, దాన్ని కొట్టంలో కట్టకూడదు.

ఐపీ 65 లైటు కొని దాన్ని పాడుచేసేది వైరు పెట్టే పద్ధతి. వైరు పైనుంచి దించితే నీళ్ళు వైరు పట్టుకుని లోపలికి జారతాయి. వైరును లైటు కంటే కిందికి ఒక వంపు తిప్పి, కిందనుంచో పక్కనుంచో, గ్లాండులో (వైరు దూరే రంధ్రానికి బిగించే మర బిరడా) గట్టిగా బిగించి ఎక్కించాలి. గ్లాండు సైజు వైరు మందానికి సరిపోవాలి. రెండు విడి వైర్లు ఒకే గ్లాండులో దూర్చితే మధ్యన సందు ఉండిపోతుంది, అందుకే గుండ్రని తొడుగున్న మూడు తీగల కేబులు వాడండి. సందు పూడ్చడానికి సిలికాన్ రాస్తే, వెనిగర్ వాసన వచ్చే రకం వద్దు. ఆ ఆవిరి రాగిని తినేస్తుంది. న్యూట్రల్ క్యూర్ అని రాసినది తీసుకోండి.

మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా ఇంకో శత్రువు. ఇత్తడి హోల్డరు, రాగి కొస పచ్చబడతాయి, స్క్రూలు తుప్పుపట్టి తల ఊడతాయి. ప్లాస్టిక్ బాడీ, స్టీలు స్క్రూలు, పీవీసీ పైపు వాడండి. పైన మూత దేనితో చేశారో కూడా అడగండి. పాలీకార్బొనేట్ దెబ్బకు పగలదు గానీ, ఘాటు వాసన నిలిచిపోయే మూసిన కొట్టంలో కొన్నేళ్ళకు పసుపెక్కి సన్న బీటలిస్తుంది. అక్రిలిక్ అమ్మోనియాను తట్టుకుంటుంది, కొమ్ము తగిలితే పగులుతుంది. గాలి ఆడే మన తెరిపి కొట్టాలకు పాలీకార్బొనేటే మేలు. గోబర్ గ్యాసు తొట్టి దగ్గర లైట్లు త్వరగా మసకబారితే, గ్యాసులోని గంధకం ఎల్‌ఈడీ లోపలి వెండి పూతను నల్లబరుస్తోందని అర్థం. లైటును తొట్టికి దూరంగా జరపండి.

బల్లుల సంగతి చెప్పనక్కర్లేదు. వెచ్చగా ఉంటుందని బోర్డులో దూరి, ఒకసారి ఫేజుకూ న్యూట్రల్‌కూ అడ్డంగా పడితే అంతే. వాడని ప్రతి రంధ్రానికీ బిరడా వేయండి. ఎలుకలు కొరికే చోట, అంటే దాణా గదిలో, గోడ మీద రెండడుగుల ఎత్తు లోపు, వైరు మందపు పైపులోనే పోవాలి.

కరెంటు

ముందు కనెక్షన్ సంగతి. బోరుకిచ్చిన వ్యవసాయ కనెక్షన్ మోటారు కోసం. టారిఫ్ ఉత్తర్వులు మెయిన్ స్విచ్చు దగ్గర చిన్న గుర్తు దీపం ఉంచుకోనిస్తాయి, కొట్టమంతటికీ లైట్లు దానికి కలపడానికి లేదు. కొట్టానికి ఇంటి సర్వీసు నుంచి తెచ్చుకోవాలా, వేరే సర్వీసు తీసుకోవాలా అన్నది సెక్షన్ ఆఫీసులో అడిగి తేల్చుకోండి.

ఇంటి నుంచి కొట్టానికి 100 మీటర్లుంటే, 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు మీద 200 వాట్ల లైట్లకు రెండు వోల్టులు మాత్రమే పోతుంది. బాగానే ఉంది కదా అని దానికే ఒక హార్స్‌పవర్ గడ్డి యంత్రం తగిలిస్తారు. అది నడిచేటప్పుడు ఆరేడు ఆంపియర్లు, మొదలయ్యేటప్పుడు దానికి నాలుగైదు రెట్లు లాగుతుంది. ఆ క్షణంలో ఈ వైరు మీద 70 వోల్టుల పైనే పడిపోతుంది. లైట్లు ఆరి వెలుగుతాయి, మోటారు మూలుగుతుంది. మెయిన్ వైరు 4 చదరపు మిల్లీమీటర్లది వేసి, కొట్టం దగ్గర చిన్న బోర్డు పెట్టి, లైట్లకు 6 ఆంపియర్ల ఎంసీబీ (కరెంటు మితి మీరితే తనంతట పడిపోయే స్విచ్చు), యంత్రానికి వేరే ఎంసీబీ పెట్టండి. గాల్లో వేసే వైరు గడ్డి లోడు ట్రాలీకి తగలకుండా 20 అడుగుల ఎత్తున ఉండాలి.

లైట్లు గుంపుగా, ఒకే రాత్రి పోతే అది లైట్ల లోపం కాకపోవచ్చు, న్యూట్రల్ ఊడి ఉండవచ్చు. మూడు ఫేజుల సరఫరాలో న్యూట్రల్ ఊడితే 230 ఉండాల్సిన చోటికి 400 దాకా రావచ్చు. డ్రైవరు 100 నుంచి 300 వోల్టుల మధ్య నడిచేది, 4 కిలోవోల్టుల సర్జ్ (ఒక్క క్షణం ఎగిసిపడే వోల్టేజి) తట్టుకునేది తీసుకోండి. బోర్డులో ఎక్కువ వోల్టేజికి ఆపేసే పరికరం ఒకటి పెడితే పది ట్యూబులూ దక్కుతాయి.

ఇక అసలైన ప్రమాదం. న్యూట్రల్ లేదని ఫేజు ఒకటి లాగి, రెండో కొసను భూమిలో పాతిన కడ్డీకి కలిపి లైటు వెలిగించే అలవాటు పొలాల్లో ఇంకా ఉంది. అలా చేస్తే కరెంటు నేలలోంచి తిరిగి వెళ్తుంది. పశువు ముందు కాళ్ళకూ వెనక కాళ్ళకూ మధ్య నాలుగైదు అడుగుల దూరం, తడి నేల, గిట్టల కింద మూత్రం. మనిషికి జిల్లుమనే చోట పశువు కూలిపోతుంది. అంత దాకా పోకపోయినా, నీటి తొట్టికీ నేలకూ మధ్య రెండు మూడు వోల్టులున్నా పశువు నీళ్ళు తాగడానికి జంకుతుంది, పాలు తగ్గుతాయి, కారణం మాత్రం దాణాలో వెతుకుతాం. పశువు మూతి తొట్టిలో పెట్టి వెంటనే తీసేస్తుంటే మల్టీమీటరు ఒక పుల్ల తొట్టి ఇనుముకు, ఇంకో పుల్ల తడి నేలకు ఆనించి ఏసీ వోల్టులు చూడండి.

కాబట్టి కొట్టం బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు నేలలోకి కారితే వెంటనే లైను తెంచే స్విచ్చు), కొట్టం దగ్గరే రెండున్నర మీటర్ల ఎర్త్ పైపు, ఇనుప గుంజలు, గాడి పైపులు, తొట్టి అన్నిటినీ జీఐ (జింకు పూత పూసిన ఇనుప) తీగతో కలిపి ఆ ఎర్త్‌కు కట్టడం, ఈ మూడూ తప్పనిసరి. వానాకాలంలో ఆర్‌సీసీబీ మాటిమాటికీ పడిపోతుంటే దాన్ని తీసేసి నేరుగా కలిపేస్తారు. అది పడిపోతోందంటే ఎక్కడో తడి వైరులోంచి కరెంటు కారుతోందని చెబుతోందన్నమాట. లైట్ల సర్క్యూట్లు ఒక్కొక్కటే వేసి చూస్తే ఏ లైటులో నీళ్ళు చేరాయో పది నిమిషాల్లో తెలుస్తుంది.

గడ్డి సంగతి చిన్నదే గానీ వదలకూడదు. వాము లోపలా, గడ్డి అటక మీదా లైటు వద్దు. దగ్గర్లో ఉండాలంటే మూతున్న ఐపీ 65 ఎల్‌ఈడీ, గడ్డికి మూడడుగుల దూరంలో. వేసవిలో అటక ఖాళీగా ఉన్నప్పుడు కట్టిన లైటు, నూర్పిళ్ళయ్యాక గడ్డిలో కూరుకుపోతుంది. అటక నిండినప్పుడు ఎంత ఎత్తు వస్తుందో ముందే గీత గీసుకోండి. పాత హాలోజన్ దీపాల గాజు గడ్డిని అంటించేంత కాలుతుంది, వాటిని కొట్టం దరిదాపుల్లో ఉంచొద్దు.

రిపేరు షెడ్డు

20 అడుగులకు 15 అంటే 300 చదరపు అడుగులు. గోడలుంటే, తెల్లగా ఉంటే వెలుగు నష్టం తక్కువ, 2000 ల్యూమెన్ల ట్యూబులు నాలుగైదింటితో 150 లక్సులు వస్తాయి. వాటిని ట్రాక్టరు నిలిపే చోటుకు రెండు పక్కలా, దాని పొడవు వెంట కట్టండి. సరిగ్గా పైన కడితే బానెట్టు మెరుస్తుంది, మీ చెయ్యి పెట్టే ఇంజను పక్క చీకటిగా ఉంటుంది.

పని బల్ల మీద విడిగా రెండు ట్యూబులు, ఒకదాని పక్కన ఒకటి పొడవునా, బల్ల పైనుంచి మూడు మూడున్నర అడుగుల ఎత్తులో. బల్ల ముందు అంచుకు సరిగ్గా పైన గానీ, గోడ వైపు అరడుగు లోపలికి గానీ ఉండాలి. మీ వెనక ఉంటే మీ తలే నీడ వేస్తుంది. వైసులో ఒక బోల్టు బిగించి, మామూలుగా నిలబడే చోట నిలబడి చూడండి. మర చుట్లు లెక్కపెట్టగలిగితే లైటు సరైన చోటే ఉంది.

తిరిగే యంత్రాల దగ్గర మెరుపు చూడాలి. చవక ఎల్‌ఈడీలు సెకనుకు 100 సార్లు ఆరి వెలుగుతాయి, కంటికి తెలియదు. నాలుగు ఆకుల కప్పీ నిమిషానికి 1500 చుట్లు తిరిగితే సెకనుకు 25 చుట్లు, నాలుగు ఆకులతో 100. లైటు వెలిగిన ప్రతిసారీ ఆకు ముందున్న చోటే కనిపిస్తుంది. తిరుగుతున్న చక్రం ఆగినట్టుంటుంది, చెయ్యి పెడతాం. కొనేముందు దుకాణంలోనే లైటు వెలిగించి ఫోన్ కెమెరా దాని వైపు పెట్టండి. తెర మీద ముదురు చారలు కదిలితే ఆ లైటు గ్రైండరుకీ గడ్డి యంత్రానికీ పనికిరాదు. డ్రైవరు విడిగా ఉన్న మంచి రకాల్లో చారలు దాదాపు కనిపించవు.

వెల్డింగ్ మిషనుకు లైట్లతో సంబంధం లేని సొంత లైను ఉండాలి, లేకపోతే రాడ్డు అంటించిన ప్రతిసారీ షెడ్డంతా కునుకుతుంది. వెల్డింగ్ చేసే మూల గోడకు మెరవని రంగు వేయండి, నిగనిగలాడే పెయింటు ఆర్క్ వెలుగును పక్కవాళ్ళ కళ్ళలోకి తిప్పుతుంది. ట్రాలీ కింద దూరి పని చేసేటప్పుడు 230 వోల్టుల చేతిదీపం వద్దు. అయస్కాంతం ఉన్న చార్జింగ్ ఎల్‌ఈడీ తీసుకోండి.

లైటు వేస్తే పాలు పెరుగుతాయా

రోజుకు 16 గంటలు వెలుగిస్తే పాలు పెరుగుతాయన్న మాట నిజమే. 1978లో అమెరికాలోని మిషిగన్ స్టేట్ యూనివర్సిటీ వాళ్ళు హోల్‌స్టీన్ ఆవుల మీద చూపించారు, పాలు సుమారు పది శాతం పెరిగాయి. కానీ అక్కడ చలికాలపు పగలు తొమ్మిది గంటలే. మన దగ్గర అతి చిన్న పగలు కూడా 11 గంటలుంటుంది. హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్), జెర్సీ సంకర ఆవులున్నవాళ్ళు చలికాలంలో ప్రయత్నించవచ్చు: ఆవు కంటి ఎత్తులో 150 లక్సులు తగ్గకుండా, తెల్లవారుజామున నాలుగు నుంచి రాత్రి ఎనిమిది దాకా, టైమరుతో, ఆ తర్వాత ఎనిమిది గంటలు పూర్తి చీకటి. ఆ చీకటి లేకపోతే ఫలితం ఉండదు, అందుకే ఆవుల మీద రాత్రి దీపం కూడా ఆర్పాలి. వట్టిపోయిన ఆవులకు ఇది వద్దు, వాటికి చిన్న పగలే మేలు. గేదెలకోసం మాత్రం ఈ ఖర్చు పెట్టకండి. గేదె పగలు తగ్గే కాలంలో ఎదకొచ్చే జీవి.

పగటి వెలుగుకు రేకుల మధ్య పారదర్శకమైన ఫైబర్ రేకులు వేస్తే చాలు, కప్పు విస్తీర్ణంలో నూటికి ఐదారు వంతులు. ఉత్తరం వాలులో వేయండి. దక్షిణం వైపు వేస్తే చలికాలమంతా ఎండ సూటిగా పశువు మీదే పడుతుంది.

అన్నీ బిగించాక, పశువులను కట్టేసి, చీకటి పడ్డాక పితికే చోట ఒక్కొక్క దాని పక్కనా కూర్చుని చూడండి. నీడ పడుతున్న ట్యూబును అడుగు ఇటో అటో జరపండి. అందుకోసమే మొదటి రోజు స్క్రూలు పూర్తిగా బిగించొద్దని, ప్రతి లైటు దగ్గరా రెండడుగుల వైరు మిగలనివ్వమని ఎలక్ట్రీషియన్‌కు ముందే చెప్పండి. తర్వాత నెలకోసారి ఆర్‌సీసీబీ మీదున్న టెస్టు బటన్ నొక్కాలి, పడిపోకపోతే మార్చాలి. రెండు మూడు నెలలకోసారి మెయిన్ ఆపి, లైటు మూతలు తడిగుడ్డతో తుడవాలి. దాణా దుమ్ము, బూజు పట్టిన ట్యూబు సగం వెలుగే ఇస్తుంది. కొత్త ట్యూబు కొనేముందు ఒకసారి పాతదాన్ని తుడిచి చూడండి.